పాత స్పీకర్లకు కొత్త గొంతు

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవుల్లో మోసుకొచ్చిన స్టీరియో స్పీకర్లు మీ అటక మీద ఉంటే, దయచేసి పారేయకండి. అవి మళ్లీ పాడతాయి.

ముందు జాలీ తీసి చూడండి. కోన్ చుట్టూ ఉన్న నురగ అంచు వేలు తగలగానే పొడిగా రాలిపోతుందా? పాలీయూరిథేన్ నురగకు తేమ పడదు, 15, 20 ఏళ్లకు చివికిపోతుంది. కాగితపు కోన్ మాత్రం చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. పాత బంకను స్పిరిట్‌తో నానబెట్టి మెల్లగా గీకేసి, అదే కొలత కొత్త నురగ రింగు అతికించాలి. బంక ఆరకముందే కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమానంగా నొక్కండి. గరగరమంటే లోపలి కాయిల్ రాసుకుంటున్నట్టే. చప్పుడు పోయేదాకా రింగును జరపాలి. అసలు పనితనమంతా ఇక్కడే.

ఇక బాస్‌ను, సన్నని స్వరాలను వేరుచేసి పంపే సర్క్యూట్, క్రాస్‌ఓవర్. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. అన్నే మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్లు రెండు డబ్బాల్లోనూ వేయండి. వోల్టేజీ పాతదానికంటే తగ్గకూడదు.

చివరగా 1.5 వోల్టుల బ్యాటరీని రెండు స్పీకర్లకూ ఒకే తీరుగా ఒక్క క్షణం తాకించండి. పెద్ద కోన్‌లు రెండూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతే తీగలు తారుమారయ్యాయన్నమాట, బాస్ పలచబడిపోతుంది.