పల్చటి పొగ



సెలవులకు అమెరికా నుంచి వచ్చిన కొడుకో, అల్లుడో సాయంత్రం పూట మిద్దెక్కి, "ఇక్కడొక స్మోకర్ పెట్టుకుంటే బాగుంటుంది కదా!" అంటే మన పెద్దవాళ్ళు ముఖముఖాలు చూసుకుంటారు. స్మోకర్ అంటే మరేం లేదు. మాంసాన్ని నిప్పుల మీద నేరుగా కాల్చకుండా, మూత వేసిన డబ్బాలో తక్కువ వేడి మీద, పొగ తగిలేలా గంటల తరబడి మగ్గబెట్టే పొయ్యి. టెక్సాస్ వైపు ఇది పెద్ద సంబరం. మన వెల్డింగ్ షాపులో ఒక్క పూటలో తయారు చేయించుకోవచ్చు కూడా.

పెద్దవాళ్ళ సందేహమూ న్యాయమైనదే. కట్టెల పొయ్యి ముందు కూర్చుని పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్న అమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ పొగను వంటింట్లోంచి పంపేయడానికే మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాయి. అంత కష్టపడి బయటికి పంపిన పొగను రుచి కోసం మళ్ళీ పెరట్లోకి పిలుస్తున్నామంటే, దాని గుణం తెలిసి పిలవాలి.

కట్టెలో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు ఉంటాయి. మనం మెచ్చుకునే పొగ వాసన చాలావరకు లిగ్నిన్ నుంచి వస్తుంది. అది వేడికి విరిగినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అనే ఫినాల్ పదార్థాలు పుడతాయి. రుచీ, వాసనా వాటివే. సూక్ష్మజీవులను కొంతవరకు అణిచేదీ అవే. అయితే అదే కట్టె 400 డిగ్రీలు దాటి, సరిగ్గా గాలి అందక మండుతుంటే బెంజోపైరీన్ లాంటి విషాలు ఎక్కువవుతాయి. మాంసంలోని కొవ్వు కరిగి నిప్పుల మీద బొట్లుబొట్లుగా పడి భగ్గుమన్నప్పుడు కూడా అవే పుట్టి, పొగతో పైకి లేచి మాంసానికే అంటుకుంటాయి. బెంజోపైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. యూరప్ దేశాల్లో పొగబెట్టిన మాంసం కిలోకు 2 మైక్రోగ్రాములకు మించి అది ఉండకూడదని 2014 నుంచి నియమం. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. కాబట్టి స్మోకర్ కట్టడంలో తెలివంతా రెండే పనుల్లో ఉంది. గాలిని అదుపులో పెట్టడం, కారే కొవ్వును నిప్పు మీద పడనివ్వకపోవడం.

ఇక డబ్బా సంగతి. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఎగుమతి గుజ్జును సంచిలో పోసి, సుమారు 215 కిలోలు పట్టే ఇనుప డ్రమ్ముల్లో పెడతారు. ఊడివచ్చే మూత, బిగించే రింగు ఉన్న ఆ డ్రమ్ము మన పనికి చక్కగా సరిపోతుంది. పురుగుమందులు, రసాయనాలు, ఇంజన్ ఆయిల్ నింపిన డ్రమ్ము మాత్రం ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు. మండే ద్రవాలు ఉండిన డ్రమ్మును వెల్డింగ్ మంటతో కోస్తే పేలిపోతుంది. గుజ్జు డ్రమ్ముకు కూడా లోపల పూత ఉండొచ్చు. ఆరుబయట అందులో పెద్ద మంట వేసి ఆ పూతంతా బూడిదయ్యేదాకా కాల్చి, ఇనుప బ్రష్షుతో రుద్ది కడగాలి. ఆ పొగకు ఎదురుగా నిలబడకండి. తర్వాత లోపల వేరుశనగ నూనె పల్చగా పూసి, రెండు మూడు గంటలు ఖాళీగా వేడి చేస్తే తుప్పు పట్టదు. లోపలి వైపు రంగు వేయకూడదు.

అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో చుట్టూ నాలుగు రంధ్రాలు వేయించండి. ఒక్కొక్కటి ముప్పావు అంగుళం వెడల్పు చాలు. ప్రతిదానికీ పక్కకు జరిపే రేకు మూత ఉండాలి. పైమూత మీద రెండంగుళాల గొట్టం ఒకటి. గాలి లోపలికి వచ్చే దారికన్నా పొగ బయటికి పోయే దారి కాస్త పెద్దదిగా ఉంటేనే పొగ లోపల నిలవదు. నిలిచిన పొగ మాంసం మీద చేదు జిగురుగా పేరుకుంటుంది. బొగ్గు బుట్టకూ మాంసం పెట్టే జల్లెడకూ మధ్య రెండడుగుల ఎడం ఉంచి, ఆ మధ్యలో నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం ఒకటి పెట్టించండి. కొవ్వు దాంట్లో పడుతుంది, వేడి కూడా నిలకడగా ఉంటుంది. జల్లెడ స్టీలుదే కావాలి. కోళ్ళ షెడ్డుకు కట్టే తెల్లటి జాలీ వద్దు. దానిమీద ఉండేది జింకు పూత. బాగా వేడెక్కితే ఆ ఆవిరి పీల్చినవాళ్ళకు చలిజ్వరం లాంటిది వస్తుంది.

మూడు నాలుగు కిలోల బొగ్గు వేసి, పొగ కోసం కొన్ని కట్టె ముక్కలు కలిపి, ఒక మూల కొంచెమే రాజేసి, రంధ్రాలతో వేడిని 110 నుంచి 120 డిగ్రీల మధ్య నిలపాలి. థర్మామీటరు మూత మీద కాదు, మాంసం ఉండే ఎత్తులోనే బిగించండి. వేడి పెరుగుతుంటే కింది రంధ్రం ఒకటి మూయండి. మాటిమాటికీ మూత తీసి చూసే అలవాటు మానుకోవాలి. తీసినప్పుడల్లా గాలి దూరి బొగ్గు మరింత రాజుకుంటుంది. గొట్టంలోంచి నీలిఛాయలో, కనీకనబడనట్టు పల్చటి పొగ వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. దట్టంగా తెల్లగా వస్తుంటే కట్టె పచ్చిది, లేదా గాలి చాలడం లేదు. ఆ పొగ పోయేదాకా మాంసం లోపల పెట్టొద్దు. కట్టె ముక్కలు నీళ్ళలో నానబెట్టమని చెప్పేవాళ్ళుంటారు. వినకండి. వచ్చేది ఆవిరే తప్ప రుచి కాదు.

ఏ కట్టె? దామలచెరువు, బంగారుపాళ్యం వైపు కోతలయ్యాక తోటల్లో నరికేసిన మామిడి కొమ్మలు ఆరు నెలలు ఎండితే అంతకన్నా మంచిది అక్కర్లేదు. జామ కట్టె కూడా బాగుంటుంది. ఇంకో మాట చెప్తే మీకు వింతగా ఉంటుంది. టెక్సాస్‌ వాళ్ళు గొప్పగా చెప్పుకునే మెస్కీట్ కట్టెకూ, మన చెరువుల్లో పొలాల్లో పాకిపోయిన కంపచెట్టుకూ దగ్గరి చుట్టరికం. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో ఆ విత్తనాలు కావాలని రాశాక, వంటచెరకు కోసం కడప జిల్లా కమలాపురం వైపు దీన్ని నాటారు. దాని బొగ్గు గట్టిది, వేడి ఎక్కువ. పొగ మాత్రం ఘాటు, కొంచెమే వాడాలి. గన్నేరు విషం, దాని పుల్ల కూడా దగ్గరికి రానివ్వకండి. ప్లైవుడ్, రంగు వేసిన తలుపు చెక్కలు, ప్యాకింగ్ పెట్టెలు వద్దే వద్దు. శేషాచలం ఎర్రచందనం గురించి వేరే చెప్పాలా? అది పొయ్యిలోకి కాదు, జైలుకు పోయే దారి.

పొట్టేలు భుజం ముక్క పెట్టారనుకోండి. లోపలి వేడి చకచకా పెరిగి, 65, 70 డిగ్రీల దగ్గర గంటల కొద్దీ కదలదు. బొగ్గు ఆరిపోయిందేమోనని కంగారుపడి ఇంకా వేస్తారు చాలామంది. నిజానికి మాంసం పైన చెమ్మ ఆవిరైపోతూ చల్లబరుస్తోంది, మన మట్టికుండలో నీళ్ళు చల్లబడినట్టే. ఓపిక పట్టండి. ఆ నిదానపు వేడిలోనే గట్టి నరాల్లాంటి కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారి, ముక్క మెత్తబడుతుంది. ముదురు నాటుకోడిని మాత్రం డ్రమ్ములో పెట్టకండి, పీచులా ఎండిపోతుంది. దాని చోటు సంగటి పక్కన పులుసులోనే అని నా అభిప్రాయం. పెరటాసి నెలలో మాంసం ముట్టని ఇళ్ళవాళ్ళు వంకాయలు, మొక్కజొన్న కంకులు, పనీరు పెట్టి చూడండి. కొవ్వు కారే బెడదే లేదు.

కోడి మాంసం తొడ దగ్గర, ఎముకకు తగలకుండా గుచ్చి చూస్తే 74 డిగ్రీలు ఉండాలి. పైన ఎర్రగా నిగనిగలాడినంత మాత్రాన ఉడికినట్టు కాదు. ఏ మాంసమైనా ఫ్రిజ్‌ నుంచి తీసిన 4 గంటల్లోపు లోపల 60 డిగ్రీలు దాటాలి. అంతకు కింద నానుతుంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వండింది మామూలు రోజుల్లో రెండు గంటలకు మించి బయట పెట్టకూడదు. మన వేసవిలో అయితే గంటే. వేడి లేకుండా పొగ మాత్రమే పట్టించే పద్ధతి చలిదేశాలది. 30 డిగ్రీల లోపు చేయాల్సిన ఆ పని మన ఎండలకు కుదరదు. మన అవ్వలు ఉప్పుకండం పెట్టినప్పుడు కాపాడింది ఉప్పూ, ఎండా.

ఎన్నాళ్ళకోసారి తినొచ్చంటారా? ఉప్పుపెట్టి, పొగబెట్టి నిలవ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని 2015లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించారు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. నూటికి 18 మందికి వస్తుందని కాదు, ఉన్న ముప్పు అంత మేర పెరుగుతుందని. ఇంట్లో ఎప్పుడో ఒకసారి వండుకున్నది వేరు, రోజువారీ అలవాటు వేరు. పండక్కో, చుట్టాలు వచ్చినప్పుడో చాలు.

చివరిగా ఒక్క మనవి. డ్రమ్మును ఆరుబయటే పెట్టండి. వరండాలో, షెడ్డులో, గడ్డివామి దగ్గర వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిప్పు ఆరినట్టు కనిపించే బొగ్గు కూడా దాన్ని వదులుతూనే ఉంటుంది. రాత్రి ఆ డ్రమ్మును ఇంట్లోకి తేకండి. చెయ్యి కాలితే ఇంకు, టూత్‌పేస్టు పూయకుండా 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచండి. ఉబ్బసం ఉన్నవాళ్ళను, గర్భిణులను, చిన్నపిల్లలను పొగ వచ్చే దిక్కున కూర్చోనివ్వకండి.