పద్యము పాడునపుడు చూపు ఎక్కడ?

గోపాలపట్నమునుండి నాటకపు ఎంపికకు విశాఖనగరములోనికి వెళ్ళు యువకులకు ఒక సందేహము కలుగును: పద్యము పాడునపుడు ఎటు చూడవలెను?

శ్రుతి తప్పునేమోనని కొందరు హార్మోనియమును చూతురు. వారు పాత్రను మరతురు. మెప్పు కోరి కొందరు పరీక్షకుని ముఖమును చూతురు; ఆయన కనుబొమ ముడివడినచో వారి గొంతు తడబడును. పరీక్షకుడు పాటను తూచవలసినవాడే గాని, బదులు చెప్పవలసినవాడు కాడు.

పద్యము ఎవరిని గూర్చినదో వారినే చూడవలెను. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగము’లో రాయబారపు పద్యములు పాడు కృష్ణుడు, పరీక్షకుల తలలకు కొంచెము పైగా సుయోధనుని ఊహించుకొనవలెను. ధృతరాష్ట్రునితో పలుకునపుడు చూపు వేరొక తావునకు మరలవలెను. ఆ తావులు నడుమ మారరాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి ‘సత్యహరిశ్చంద్రీయము’లోని కాటిసీనున ఒంటరిగా పాడునపుడు, చూపు శ్మశానమంతయు మెల్లగా తిరిగి ఒక చితిపై నిలువవలెను. రాగము దీర్ఘముగా తీయునపుడును చూపు సడలరాదు. సడలినచో ఎదుటి పాత్ర మాయమై, గాయకుడొక్కడే మిగులును.

దృష్టి వెంట మనస్సు నడచునని నందికేశ్వరుని ‘అభినయదర్పణము’ బోధించుచున్నది. ఇంట గోడపై రెండు గుర్తులుంచి సాధన చేయుడు. రేడియోలో చూపు కానరాదు గదా యందురేమో! శ్రోతలారా, ఎదుట సుయోధనుడున్న గొంతు వేరు, లేని గొంతు వేరు.