తాకట్టు దుకాణములో పాత మోటారు బేరము



ఎవరో విడిపించుకొనలేని మోటారు తాకట్టు దుకాణములో చౌకగా దొరుకునని మీలో చాలమంది ఆశపడుదురు. ఆశ తప్పు కాదు. ధర అడుగుటకు ముందు మోటారును చూడవలెను.

ఇరుసును చేతితో త్రిప్పండి. పట్టులేక తిరగవలెను, అటునిటు ఆడినచో బేరింగులు అరిగినవన్నమాట. చుట్టలో కాలిన వాసన వచ్చినచో, క్రొత్త వైండింగుకు అగు ఖర్చును ధరలో తీసివేసి అడగండి. దుకాణములో త్రీ ఫేజు కరెంటు ఉండకపోవచ్చును. మెకానిక్కు వద్దకు పంపి, మీ ఎదుట అరగంట నడిపించమనండి. ఒప్పుకొననిచో లేచి రండి. నేనొకసారి మొగమాటపడి ఈ మాట అడగలేదు. వరి పొట్టమీద ఉండగా, మూడవనాడే మోటారు కాలిపోయినది. ఆ దశలో నీరు తప్పినచో తాలు ఎంత పడునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 176వ సెక్షను ప్రకారము, తాకట్టు వస్తువును అమ్ముటకు ముందు పెట్టినవానికి నోటీసు ఇయ్యవలెను. ఇచ్చిరా అని అడగండి. అతడును మనవంటి రైతే కావచ్చును. నంబరు పలక గీకివేసిన మోటారును ఎంత చౌకైనను ముట్టవద్దు. అది ఎవరి బావి దగ్గర పోయినదో! డబ్బు ఇచ్చునపుడే ఆ నంబరు వేసిన రసీదు తీసికొనండి.