ఆ గోలకూ ఒక శ్రుతి ఉంది



సిలిండరు అనగానే మనకు వంటింట్లో గ్యాసు బండే గుర్తొస్తుంది. ఇంజనులో సిలిండరు వేరు. అందులో పెట్రోలు ఆవిరి పేలి, ఆ తోపుకి ఇరుసు తిరుగుతుంది. ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరులో ఒక్క పేలుడు. ఈ చిన్న లెక్క తెలిస్తే చాలు, పిల్లలు టీవీలో పెట్టే కారు పందేల రొద వెనక సంగతి బోధపడుతుంది.

వీధిలో ఆగి ఉన్న బుల్లెట్ మోటారు సైకిలునే తీసుకోండి. ఒకటే సిలిండరు. నిమిషానికి సుమారు 1,000 చుట్లు, అంటే సెకనుకు ఎనిమిది పేలుళ్లు. అందుకే డుగ్ డుగ్‌మని విడివిడిగా వినబడతాయి. సెకనుకు ఇరవై దాటితే చెవి విడదీయలేదు. అన్నీ కలిసిపోయి స్వరమవుతాయి.

ఇక ఫార్ములా వన్ సంగతి. 2011 నుంచి 2013 దాకా ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో పరుగెత్తిన కార్లకు ఎనిమిది సిలిండర్లు, నిమిషానికి 18,000 చుట్లు. అంటే సెకనుకు 1,200 పేలుళ్లు! 2005 దాకా నడిచిన పది సిలిండర్ల ఇంజనుకైతే అదే వేగంలో 1,500. సంగీతం వచ్చినవాళ్లు గమనించండి: ఎనిమిదింటిది షడ్జమం అనుకుంటే పదింటిది అంతర గాంధారం!

2014లో ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. అది ఎక్కువగా 12,000 చుట్ల దగ్గరే నడిచేది. పేలుళ్లు 600. అదే షడ్జమం ఒక స్థాయి కిందికి దిగిందన్నమాట. పైగా, బయటికి పోయే వేడిపొగ బలాన్ని టర్బో అనే చక్రం పట్టి వాడుకోవడంతో మోతా తగ్గింది. పందెం కళే పోయిందని అభిమానులు నొచ్చుకున్నారు. ఏళ్ల తరబడి చెవికి అలవాటైన నాదం పోతే బాధ ఉండదూ? కానీ అదే ఏడాది, పందెం మొత్తానికి 100 కిలోల ఇంధనమే వాడాలని నిబంధన పెట్టారు. గిన్నె అంచు దాటి మంట ఎగిస్తే గ్యాసు దండగవుతోందని మనకు తెలియదూ? ఆ పాత హోరులోనూ అలాంటి దండగ ఉండేది.

2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్లు పందెం వేశాయి. వాటికి సిలిండర్లూ లేవు, పేలుళ్లూ లేవు. సన్నని ఈల లాంటి చప్పుడే.

ఈసారి పిల్లలు పాత పందెం ఏదైనా పెడితే, "ఆ గోల తగ్గించండర్రా" అనే ముందు, "ఎన్ని సిలిండర్లురా అది?" అని అడిగి చూడండి. వాళ్ల మొహాలు ఎలా వెలుగుతాయో!