కంప్యూటరు లెక్కకూ తనిఖీ కావాలి

మన పెన్షను, డి.ఆర్. ఇప్పుడు కంప్యూటరే లెక్కగడుతోంది గనుక ఈ రెండు మాటలు మనవి చేస్తున్నాను.

సర్వీసులో ఉండగా, డబ్బు చెల్లించిన వోచరు మీద వెంటనే 'పెయిడ్ అండ్ క్యాన్సిల్డ్' ముద్ర కొట్టేవాళ్ళం. ఎవరినో దొంగ అనుకుని కాదు. అదే కాగితం పొరపాటున మళ్ళీ బల్లమీదికి రావచ్చునని. ప్రోగ్రాము రాసేవారికీ ఈ అనుమానం ఉండి తీరాలి.

బ్రిటన్ పోస్టాఫీసుల హొరైజన్ పద్ధతిలో అదే కొరవడింది. 2015లో స్కాట్లండులోని డాల్మెల్లింగ్టన్‌లో 8,000 పౌండ్లు లెక్కకెక్కిస్తూ, తెర కదలక ఎంటర్ మీట మళ్ళీ మళ్ళీ నొక్కారు. నొక్కినప్పుడల్లా పద్దు పడి 32,000 అయింది. పుస్తకంలో 24,000 లోటు! అది బయటపడింది, సరిదిద్దారు.

అందరికీ ఆ అదృష్టం లేదు. 1999 నుంచి 2015 దాకా హొరైజన్ లెక్కలు సాక్ష్యంగా 900 మందికి పైగా శిక్షపడింది. కొందరు జైలుకూ వెళ్ళారు. పైవారు మనిషిని శంకించారు, మిషన్ను శంకించలేదు. (మన ఆడిటు పార్టీ అయితే ముందు డే బుక్కు తెమ్మనేది!)

2019 డిసెంబరులో హైకోర్టు ఆ పద్ధతిలో దోషాలున్నాయని తేల్చింది. 2024 మే నెలలో పార్లమెంటు చట్టం చేసి వందల శిక్షల్ని ఒక్కసారిగా రద్దు చేసింది. అప్పటికి కొందరు కన్నుమూశారు.