నెలకి పది రోజులే వచ్చే డిప్రెషన్: పీఎండీడీకి సైకియాట్రిస్ట్ ఎందుకు?

ఈ రోజు టాపిక్ పీఎండీడీ, అంటే ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్. నోరు తిరగని పేరే, కానీ విషయం చాలా ఇళ్లల్లో ఉన్నదే. పీరియడ్స్‌కి వారం, పది రోజుల ముందు మనిషి పూర్తిగా మారిపోవడం, డేట్ వచ్చిన రెండు మూడు రోజులకి మళ్లీ మామూలైపోవడం. అబ్బాయిలూ, స్కిప్ చేయకండి, చివర్లో మీకూ పని ఉంది.

"అది పీఎంఎస్ కదా, అందరికీ ఉండేదేగా" అంటారు. కాదండీ. డేట్‌కి ముందు కాస్త చిరాకు, కడుపు ఉబ్బరం, ఒళ్లు నొప్పులు చాలామందికి ఉంటాయి. పీఎండీడీ వందలో సుమారు ఇద్దరి నుంచి ఐదుగురికి మాత్రమే ఉంటుంది. వాళ్లకి వచ్చేది చిరాకు కాదు. కారణం లేని ఏడుపు, అదుపు తప్పే కోపం, గుండె దడ, "ఇక నావల్ల కాదు" అనే నిస్సహాయత. కొందరికి చచ్చిపోవాలనే ఆలోచనలు కూడా వస్తాయి. అందుకే ఈ వీడియో.

నా పాత టీమ్‌లో ఒకమ్మాయి ఉండేది. తన పర్మిషన్‌తోనే చెప్తున్నా. ఒకరోజు క్యాంటీన్‌లో తన మెయిల్ డ్రాఫ్ట్స్ చూపించింది. నాలుగు రాజీనామా మెయిళ్లు, నాలుగు వేర్వేరు నెలల్లో రాసినవి, ఒక్కటీ పంపలేదు. ఆ తేదీల్ని పీరియడ్స్ యాప్‌తో పోల్చి చూస్తే నాలుగూ డేట్‌కి అయిదారు రోజుల ముందు రాసినవే! అప్పటిదాకా తనది పిరికి మనసు అనుకుంటూ బతికింది.

మరి ఎందుకొస్తుంది? "హార్మోన్ ఇంబ్యాలెన్స్" అని అందరూ ఒక్క మాటలో తేల్చేస్తారు. విచిత్రం ఏంటంటే, వీళ్ల హార్మోన్ టెస్టులు మామూలుగా నార్మల్‌గానే ఉంటాయి. 1998లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. తీవ్రమైన పీఎంఎస్ ఉన్నవాళ్లకి మందుతో అండాశయాల పని తాత్కాలికంగా ఆపితే చాలామందికి మూడ్ కుదుటపడింది. మళ్లీ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ఇస్తే లక్షణాలు తిరిగొచ్చాయి. ఏ సమస్యా లేని ఆడవాళ్లకి అవే హార్మోన్లు ఇస్తే ఏమీ కాలేదు. అంటే తేడా హార్మోన్ల లెవెల్‌లో లేదు, వాటి మార్పుకి మెదడు స్పందించే తీరులో ఉంది. మెదడుకి సంబంధించింది కాబట్టే 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే సైకియాట్రిస్టులు వాడే పుస్తకం, దీన్ని డిప్రెషన్ జబ్బుల్లో చేర్చింది.

సరే, ఉందని ఎలా తెలుస్తుంది? బ్లడ్ టెస్ట్ లేదు, స్కాన్ లేదు. డైరీయే టెస్ట్. మన ఆఫీసుల్లో "మొన్న సర్వర్ స్లో అయింది సార్" అంటే ఎవరైనా వింటారా? లాగ్స్ ఏవీ అని అడుగుతారు. ఇదీ అంతే. రోజూ పడుకునే ముందు దిగులు, కోపం, ఆందోళన, నిద్ర, పని ఎలా సాగింది, ఒక్కోదానికి 1 నుంచి 6 వరకు మార్కు వేయాలి. 1 అంటే అస్సలు లేదు, 6 అంటే భరించలేనంత. ఇలా కనీసం రెండు సైకిల్స్. గుర్తు తెచ్చుకుని నెలాఖరున ఒకేసారి నింపితే పనికిరాదు, ఏ రోజుది ఆ రోజే. బాగున్న రోజులు కూడా రాయాలి, అసలు క్లూ అక్కడే ఉంటుంది. పీరియడ్స్ అయిపోయిన వారం దాదాపు శుభ్రంగా ఉండి, ముందు వారం ఎర్రబడితే పీఎండీడీ వైపు ఆలోచిస్తారు. నెలంతా దిగులుగా ఉండి ముందు వారం ఇంకా పెరిగితే, అది అప్పటికే ఉన్న డిప్రెషనో మరొకటో అయ్యుండొచ్చు. వైద్యం మారిపోతుంది. థైరాయిడ్ కూడా ఒకసారి చూస్తారు.

ఒక్క మినహాయింపు. చచ్చిపోవాలనిపిస్తుంటే రెండు నెలల డైరీ కోసం ఆగకండి. అదే రోజు ఎవరికైనా చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మందులు. మొదట ఇచ్చేవి సాధారణంగా ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి ఎస్ఎస్ఆర్ఐలు. డిప్రెషన్‌కి ఇవి పనిచేయడానికి వారాలు పడుతుంది. పీఎండీడీలో మాత్రం చాలామందికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అందుకే రోజూ కాకుండా, పీరియడ్స్‌కి ముందు రెండు వారాలే వేసుకునే పద్ధతి కూడా ఉంది. ఏది ఎవరికన్నది డాక్టర్ తేలుస్తారు. మెడికల్ షాపులో అడిగి సొంతంగా మొదలెట్టొద్దు ప్లీజ్. బైపోలార్ ఉన్నవాళ్లకి ఇవే మాత్రలు మూడ్‌ని అటువైపు తోసేయొచ్చు. వికారం, నిద్ర తేడా, సెక్స్ మీద ఆసక్తి తగ్గడం లాంటి సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి, సిగ్గుపడకుండా చెప్పాలి. కొందరికి గర్భనిరోధక మాత్రలు, కౌన్సెలింగ్ థెరపీ పనికొస్తాయి. ఇక్కడ గైనకాలజిస్టు, సైకియాట్రిస్టు ఇద్దరూ అవసరం పడొచ్చు. ఒకరు "అక్కడికెళ్లు", ఇంకొకరు "ఇక్కడికెళ్లు" అని తిప్పుతుంటే ఆ డైరీ టేబుల్ మీద పెట్టండి.

"సైకియాట్రిస్టా? ఎర్రగడ్డకా?" అని ఇంట్లో గుండెలు బాదుకుంటారు, తెలుసు. సినిమాలు ఆ పేరుని జోకుగా మార్చి పెట్టాయి మరి. అక్కడికే వెళ్లక్కర్లేదు, మామూలు గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కూడా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అమ్మకి "పిచ్చి" అని కాకుండా "నెలసరి సమస్యకి డాక్టర్" అని చెప్పినా అబద్ధం కాదు.

అబ్బాయిలూ, ఇప్పుడు మీ పని. గొడవ మధ్యలో "డేట్ దగ్గరకొచ్చిందా ఏంటి?" అనొద్దు. తను చెప్పే మాటలో నిజం ఉన్నా, ఆ ఒక్క ప్రశ్నతో అంతా కొట్టేసినట్టవుతుంది. అడగాలంటే బాగున్న వారంలో అడగండి: ఆ రోజుల్లో నేనేం చేస్తే నీకు కాస్త తేలిక? పిల్లల్ని చూసుకోవడమా, వంట చేయడమా, ఊరికే పక్కన కూర్చోవడమా? జవాబు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నా ఫ్రెండ్ భర్తకి వచ్చిన జవాబు మాత్రం: "ఆ వారం మీ చుట్టాల్ని పిలవకు."

మీ ప్రశ్నలు పంపండి, డాక్టర్‌ని కూర్చోబెట్టి అడుగుతా. బై.