ఏడో రోజు ఎవరిది?

(కూలీల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంతి గురించి మాట్లాడదామంటే "కూలికి పోకపోతే పొయ్యి ఎట్టా ఎలుగుద్ది?" అని అడుగుతారు. అడగాల్సిన మాటే. ముందు ఈ ఆదివారం మన గూడేలకు ఎట్లా వచ్చిందో చూద్దాం.

1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు పల్లెపల్లెకూ నడిచి సువార్త చెప్పారు. విశ్వాసంలోకి వచ్చినవారికి మిషన్ మూడు కట్టుబాట్లు పెట్టింది. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డును తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

ఆదివారం పని మానడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతా? మాదిగోడు ఊరందరికీ కట్టుబడి ఉండేవాడు. కళ్ళంలో నాలుగు గింజలు పడేసి చెప్పులు కుట్టించుకునేవాళ్ళు, కపిల బానలు బాగుచేయించుకునేవాళ్ళు, డప్పు కొట్టించుకునేవాళ్ళు. పిలిస్తే అర్ధరాత్రైనా పోవాల్సిందే. "ఈ రోజు రాము" అనే మాట వెట్టిలో లేదు. ఆ మాటను మన తాతలు పలికారు. కామందులు, కరణాలు కక్షగట్టారు, బాధలు పెట్టారు. అయినా 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

బైబిల్లో విశ్రాంతి దినానికి కారణం రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది. నిర్గమకాండం 20వ అధ్యాయంలో దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి అని ఉంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో మాత్రం, మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, అది మరవొద్దు అని ఉంది. దాసుడికీ, దాసికీ, ఎద్దుకీ, గాడిదకీ గూడా ఆ రోజు పని లేదు. ఫరో కింద ఇటుకలు చేసినోళ్ళకు సెలవు లేదు. విడుదలైనోళ్ళకే సెలవు. మన చరిత్ర మనకు అక్కడ కనపడుద్ది.

బొంబాయి మిల్లు కార్మికులకు గూడా ఆదివారం ఊరికే రాలేదు. లోఖండే నాయకత్వంలో పోరాడి 1890లో సాధించుకున్నారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసినప్పుడు పనిగంటలు తగ్గించడానికి పాటుపడ్డారు. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికో సెలవు రాసింది. అది ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగింది. మిరప చేలోకి, పత్తి చేలోకి రాలేదు.

ఇప్పుడు పొయ్యి మాటకొద్దాం. ఒక్కడు పని మానితే మేస్త్రీ ఆ ఒక్కణ్ణి తీసేస్తాడు. గూడెమంతా ఒక్కమాట మీద మానితే మేస్త్రీయే మన దగ్గరికి వస్తాడు. అందుకే కోతలకు ముందే కూర్చుని మాట్లాడుకోవాల. ఆరు రోజుల కూలి ఏడు రోజులు తినేట్టుండాలని రేటు అడగాల. మన తాతలు ఆ ధైర్యం చేసింది గూడా గుంపుగానే.

ఇంకోమాట. ఆ ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి ఉన్నారు. భార్య పేరు లేదు. మన ఇళ్ళల్లోనూ అంతే గదా! మగోళ్ళం గుడికి పోయొచ్చి అరుగు మీద కూర్చుంటాం. ఆడోళ్ళు నీళ్ళు మోసి, వారం బట్టలన్నీ ఉతికి, కూర వండి పెడతారు. కామందు దగ్గర వెట్టి వద్దన్న మనం ఇంట్లో వెట్టి చేయించుకుంటే అది సబ్బాతు కాదు. ఆదివారం బిందె మగోళ్ళు ఎత్తాల.

సంఘం పనిచేసే తమ్ముళ్ళకు గూడా చెప్తున్నాం. జనం వస్తా పోతా ఉంటే శిష్యులకు తినడానిక్కూడా తీరిక దొరకలేదు. అప్పుడు ఏసు వాళ్ళను పక్కకు రమ్మని, కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడని మార్కు రాశాడు. వారమంతా కూలి, రాత్రంతా మీటింగులు అయితే మనిషి మిగలడు. మనిషి మిగలకపోతే ఉద్యమమూ మిగలదు.

విశ్రాంతి పరలోకంలో దొరుకుద్దిలే అని మనకు చెప్పేవాళ్ళున్నారు. ఆజ్ఞ ఇచ్చింది ఈ నేలమీద, పనిచేసే చేతులకోసం. వచ్చే కోతల్లో ఏడో రోజు మనది. గూడెంలో అందరం కూర్చుని ఆ మాట ఖాయం చేసుకుందాం.

జై భీమ్!